కళ్ళు పోలేదు

మన ఇళ్ళల్లో పిల్లల కళ్ళు రోజుకు ఎన్నిసార్లు పోతాయో మీరెప్పుడైనా లెక్క పెట్టారా? పుస్తకం కాలికి తగిలితే కళ్ళు పోతాయి. నైవేద్యం కాకుండా గారె ముక్క నోట్లో వేసుకుంటే కళ్ళు పోతాయి. పెద్దవాళ్ళకు ఎదురు చెబితే పోతాయి, అన్నం పారేస్తే పోతాయి, విడిచిన బట్టలతో దేవుడి గదిలోకి వెళితే తప్పకుండా పోతాయి. ఇన్నిసార్లు పోయిన కళ్ళూ రాత్రి టీవీ వేళకు ఎక్కడినుంచో తిరిగి వచ్చేస్తాయి గనుక మనమెవరమూ ఆ మాటను పట్టించుకోము. "అలవాటుగా అనే మాటండీ, దానికి అర్థమేమిటి!" అంటారు మీరు. నేనూ అలాగే అనేదాన్ని. మొన్న కార్తీకంలో ఒక రైలు పెట్టెలో మా పాప, "అమ్మా, నా కళ్ళు పోయాయి!" అని కేక పెట్టేదాకా.

ముందు నుంచీ చెబుతాను.

మా పుట్టిల్లు కోనసీమలో గోదావరి పాయ ఒడ్డున ఒక అగ్రహారం. ఆ ఇంట్లో దేవుడి గది తాళంచెవి మా బామ్మ బొడ్లో ఉండేది. దేవుడి కోపం కూడా ఆవిడ దగ్గరే ఉంటుందని నా నమ్మకం. దండెం మీద మడిబట్ట ఆరుతుంటే పిల్లలం గోడకు అంటుకుని నడిచేవాళ్ళం. మడి, మైల, అంటు, ఎంగిలి, ఈ మాటలు నాకు అఆల కన్నా ముందు వచ్చాయి. అలాగని ఆ ఇల్లు నరకమని చెప్పబోవడం లేదు సుమండీ. కర్పూరం వాసన, అరటి దొప్పల్లో దీపాలు వెలిగించి కాలవలో వదలడం, జడ అల్లుతూ బామ్మ చెప్పిన ధ్రువుడి కథ, అన్నీ ఆ ఇంటివే. ప్రసాదం పెట్టిన చెయ్యీ, భయం పెట్టిన నోరూ ఒక్కరివే. రెండూ నాకు ఒంటబట్టాయి.

నాకు ఎనిమిదో ఏట వినాయక చవితినాడు, నైవేద్యానికి ముందే ఒక కుడుము తీసి నోట్లో వేసుకున్నాను. బామ్మ చూసింది. "కళ్ళు పోతాయే, పాపిష్ఠిదానా!" అంది. అనేసి పూజ పనిలో పడిపోయింది.

మర్నాడు తెల్లవారి లేవబోతే నా కళ్ళు తెరుచుకోలేదు.

రెప్పలు రెండూ అతుక్కుపోయాయి. లోపల ఇసుక పోసినట్టు మంట. నేను ఏడవలేదు. ఏడిస్తే కుడుము సంగతి అందరికీ తెలిసిపోతుందని నోరు మూసుకుని చీకటి గదిలో పడుకున్నాను. వారం పది రోజులకు కళ్ళు బాగయ్యాయి గానీ, ఆ చీకట్లో మనసులో పడిన మాట మాత్రం బాగవలేదు. పైన ఎవరో ఖాతా పుస్తకం పెట్టుకుని కూర్చున్నారు. నేను చేసే ప్రతి పనీ రాసుకుంటున్నారు. వసూలు చేయడానికి ఒక్క రాత్రి చాలు వాళ్ళకు.

పెద్దయ్యాను. డిగ్రీలో జంతుశాస్త్రం చదివాను. సూక్ష్మజీవుల బొమ్మలు రంగు పెన్సిళ్ళతో వేసి మార్కులు తెచ్చుకున్నాను. ఆ రోజుల్లో కోపం వచ్చి పూజలన్నీ మానేశాను కూడా. చిత్రమేమిటంటే, పూజ మానేసినంత సులభంగా భయం మానలేదు. పరీక్ష తప్పుతానేమో అనిపించినప్పుడల్లా, "ఏ తప్పు చేశాను?" అని వెతుక్కోవడమే. పెళ్ళయి పిల్లలు పుట్టాక పూజలు మళ్ళీ మొదలుపెట్టాను. భక్తి కలిగి కాదు, ఎందుకొచ్చిన గొడవ అని. మా అబ్బాయికి ఒకసారి జ్వరం 104 డిగ్రీలు వస్తే, ఒక చేత్తో తడిగుడ్డ వేస్తూ, మనసులో ఏ మొక్కు మరిచిపోయానా అని లెక్కలు చూసుకున్నాను. చేసినా భయమే, మానినా భయమే.

ఈ ఏడు కార్తీకంలో అది మరీ ముదిరింది. తెల్లవారుఝామున నాలుగింటికి లేవడం, చన్నీళ్ళ స్నానం, దీపం. ఒక్క రోజు ఆలస్యమైతే ఆ రోజంతా గుండె దడ. మావారు నాలుగు రోజులు చూసి, ఐదో రోజు కాఫీ తాగుతూ అన్నారు. "ఏమోయ్, నీ మొహం చూస్తే నెలరోజులు జ్వరంతో పడి లేచినట్టుంది. అరకు వెళ్ళి మూడు రోజులుండి వద్దాం, పద."

"కార్తీకంలోనా!" అన్నాను నేను.

"కార్తీకంలో వనభోజనాలు చెయ్యమని పెద్దలే చెప్పారుగా! వనం కాస్త దూరంలో ఉందనుకో."

దీనికి నేను జవాబు వెతుక్కునేలోగా పక్క గదిలోంచి మా అమ్మ, "నేనూ వస్తాను" అంది. నాన్న పోయినప్పటి నుంచి అమ్మ మా దగ్గరే ఉంటోంది. డెబ్భై దాటాయి. బయటి తిండి తినదు, తిథి వార నక్షత్రాలు చూడందే గడప దాటదు. అటువంటి మనిషి తానే వస్తానంటే ఇంక నాకు వంకేముంది!

ఆదివారం రాత్రి రాజమండ్రిలో బండెక్కాము. తెల్లవారుఝామున విశాఖపట్నంలో దిగి, కిరండూల్ వెళ్ళే పాసింజరులో కూర్చున్నాము. ఈ రైలు దారి మనుషుల కోసం వేసింది కాదట. బస్తరు కొండల్లోని బైలదిలలో తవ్విన ఇనప రాయిని విశాఖ రేవుకు తెచ్చి జపానుకు పంపడానికి 1960 తరువాతి ఏళ్ళలో వేశారు. కొత్తవలస దగ్గర మలుపు తిరిగి, శృంగవరపుకోట దాటాక కొండెక్కుతుంది. దారి పొడుగునా 50కి పైగా సొరంగాలున్నాయి. మా అబ్బాయి వాటిని లెక్క పెట్టడానికి నోటుపుస్తకం, పెన్సిలు పట్టుకుని తయారుగా ఉన్నాడు.

ఆ రోజు కార్తీక సోమవారం. అమ్మకు ఉపవాసం. నక్షత్రం చూసేదాకా ఏమీ ముట్టదు, కాఫీ తప్ప. కాఫీకి దోషం లేదని ఏ శాస్త్రంలో రాశారో గాని, మన ఇళ్ళల్లో అందరికీ కంఠతా వచ్చిన వాక్యం అదే. ఏడేళ్ళ మా పాప, "నేనూ అమ్మమ్మతో ఉపవాసం ఉంటాను" అంది. నేను దాని జుట్టు సరిచేస్తూ, ఇంకో పనిలో ఉండి, "ఉంటానని దేవుడికి చెప్పి మధ్యలో తింటే కళ్ళు పోతాయి, చూసుకో మరి" అన్నాను. ఆ మాట అన్నట్టు నాకు గుర్తు కూడా లేదు. తరువాత పాప చెబితే తెలిసింది.

శృంగవరపుకోటలో జామకాయలు వచ్చాయి. వాడొకటి కొనుక్కున్నాడు. ఉప్పూ కారమూ అద్దిన జామకాయ ముందు ఏడేళ్ళ ఉపవాసం ఎంతసేపు నిలుస్తుంది? అన్న దగ్గర సగం ముక్క తీసుకుని, అటు తిరిగి తినేసింది. నేను చూడలేదు. శివలింగపురం స్టేషను దాటింది. "సోమవారం పూట పేరు బాగుంది" అని అమ్మ చేతులు జోడించింది. బండి రెండు కూతలు వేసి మొదటి సొరంగంలోకి దూరింది.

మా పెట్టెలో దీపాలు వెలగలేదు. ఒక్కసారిగా కాటుక చీకటి. పెట్టెలో పిల్లలందరూ ఆనందంతో "హో" అని అరిచారు. ఆ అరుపుల మధ్య ఒక్క గొంతు మాత్రం వేరుగా వినిపించింది. "అమ్మా, నా కళ్ళు పోయాయి!"

వెలుగు వచ్చింది. పాప నా చీర పట్టుకుని వణుకుతోంది. కళ్ళు గట్టిగా మూసుకుంది. "తెరవవే తల్లీ, బయటికి వచ్చేశాం" అంటే తెరవదు. "తెరిచినా కనిపించకపోతే?" అంటుంది. ఇంతలో ఇంకో సొరంగం, ఆ తరువాత ఇంకోటి. ప్రతి చీకటికీ ఒళ్ళంతా బిగుసుకుంటోంది. మావారు, "ఇది కొండకు పెట్టిన కన్నమమ్మా" అని చెప్పి చూశారు. అబ్బాయి, "ఐదు!" అని సొరంగాల లెక్క చెప్పి చూశాడు. అమ్మ, "నేనూ ఇందాక కాఫీ తాగాను కదే, నా కళ్ళకేమైంది?" అంది.

"కాఫీకి దోషం లేదన్నావుగా అమ్మమ్మా!" అంది పాప, కళ్ళు మూసుకునే.

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ మూసుకున్న రెప్పలు నావి. ఆ చీకటి గది నాది. నేను మరిచిపోయాననుకున్న ఎనిమిదేళ్ళ పిల్ల నా ఒళ్ళోనే కూర్చుని ఉంది. ఆ పిల్లను అక్కడికి తెచ్చి కూర్చోబెట్టింది నేనే.

"చూడమ్మా, ఉపవాసం ఉండి తింటే కళ్ళు పోతాయని నేను అన్నాను కదా. అది అబద్ధం. నేను అబద్ధం చెప్పాను" అన్నాను.

కొంచెం సేపు ఆలోచించింది. "అబద్ధమని దేవుడికి తెలుసా?"

"తెలుసు."

"మరి అబద్ధం చెప్పావుగా, నీ కళ్ళు?"

"ఇవిగో, చూసుకో."

పాప కళ్ళు తెరవకుండానే చెయ్యి చాపి నా మొహం తడిమింది. రెండు వేళ్ళతో నా రెప్పలు ముట్టుకుంది. ఆ తరువాత ఒక కన్ను కొంచెంగా తెరిచింది. కిటికీ బయట లోయ, లోయ అడుగున ఒక సన్నని దారి, ఎదురుగా మబ్బు తగిలిన కొండ. రెండో కన్నూ తెరిచింది. ఆ తరువాత వచ్చిన సొరంగాలన్నిటికీ నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. శిమిలిగుడ వచ్చేసరికి, స్టేషను బోర్డు మీద సముద్ర మట్టానికి 996 మీటర్ల ఎత్తు అని అన్న చదువుతుంటే, "నాకూ కనిపిస్తోంది, నేను చదువుతాను" అని వాడితో తగువు పెట్టుకుంది.

ఆ సాయంత్రం అరకులో బస ముందు నిలబడి అమ్మ నక్షత్రం చూసింది. మా ఊళ్ళో ఇంటి కప్పుల మధ్య వెతుక్కోవలసిన నక్షత్రం అక్కడ అడగకుండానే పది కనిపించాయి. ఇంటి నుంచి తెచ్చుకున్న అటుకులూ బెల్లమూ తింటూ కూర్చున్న అమ్మతో, పిల్లలు పడుకున్నాక, ఆ చవితినాటి కుడుము సంగతి మొదటిసారి చెప్పాను. చెబుతూ చెబుతూ నాకే తెలియకుండా గొంతు పెరిగింది. "వారం రోజులు ఆ చీకట్లో ఉన్నానే అమ్మా! నువ్వు ఒక్కసారి, ఒక్క మాట చెప్పలేకపోయావా?"

అమ్మ ఏమీ అనలేదు. చెయ్యి కడుక్కుని వెళ్ళి పడుకుంది.

మర్నాడు పొద్దున్నే పిల్లలతో బయటికి వెళ్ళాము. కార్తీక మార్గశిరాల్లో అరకు చూడాలంటే వలిసె పూల కోసం చూడాలి. నూనె గింజల కోసం గిరిజన రైతులు కొండవాలు పొలాల్లో వేసే పంట అది. పూతకు వచ్చిందంటే, పొలానికి పొలమే పసుపు రాసుకున్న గడపలా ఉంటుంది. మంచు ఇంకా విడలేదు. గట్టు మీద మేము తప్ప ఎవరూ లేరు. దూరంగా నలుగురు ఆడవాళ్ళు తలల మీద బుట్టలతో సంతకు పోతున్నారు. అక్కడివాళ్ళ బతుకు స్వర్గమని నేననను. వాళ్ళకూ దేవతలున్నారు, కట్టుబాట్లున్నాయి, కష్టాలు మనకన్నా ఎక్కువే ఉన్నాయి. కానీ ఆ గట్టు మీద కూర్చున్నప్పుడు నాకొక విషయం తట్టింది. ఆ రోజు తిథి ఏమిటో నాకు తెలియదు. వర్జ్యం ఎప్పుడో, రాహుకాలం ఎప్పుడో తెలియదు. ఎన్నో ఏళ్ళ తరువాత ఒక పొద్దు నన్నేమీ అడగకుండా తెల్లవారింది. ఎవరూ లెక్క రాసుకోవడం లేదు. మంచుకు నేను ఏం తిన్నానో అక్కర్లేదు. పూలకు నేను ఎన్నింటికి లేచానో అక్కర్లేదు.

అమ్మ నా పక్కన వచ్చి కూర్చుని, పూలవైపు చూస్తూనే మొదలుపెట్టింది.

"ఆ చవితి వారం మన వీధిలో కళ్ళకలక రాని కొంప లేదే. పురోహితుడుగారే ఎర్రటి కళ్ళతో వచ్చి మనింట్లో పూజ చేయించి వెళ్ళారు. ఆయన వెళ్ళిన నాలుగిళ్ళల్లోనూ అందరికీ వచ్చింది. నీ తరువాత రెండు రోజులకు మీ బామ్మకూ వచ్చింది."

నేను మాట్లాడలేకపోయాను. ముప్ఫయ్యేళ్ళకు పైగా నేను మోసిన పాపం పురోహితుడుగారి తుండుగుడ్డతో వచ్చిందన్నమాట! కళ్ళకలక వానాకాలంలో ఊళ్ళకు ఊళ్ళు పాకుతుందనీ, చేతులూ తువ్వాళ్ళూ తగిలి ఒకరినుంచి ఒకరికి అంటుతుందనీ జంతుశాస్త్రం చదివిన నాకు తెలియదా? తెలుసు. ఆ తెలివి ఒక్కసారి కూడా ఆ ఎనిమిదేళ్ళ పిల్ల దగ్గరకు పోలేదు.

"మరి నాకెందుకు చెప్పలేదమ్మా?"

"నువ్వు అడగలేదుగా. ఆ మాట నువ్వు నమ్ముతావని నాకు తోచనేలేదు. అందరూ అనేదే కదా." కాసేపు ఆగింది. "నీకింకోటి తెలియదు. తన కళ్ళు ఎర్రబడ్డప్పుడు మీ బామ్మ దేవుడి ముందు కూర్చుని లెంపలు వేసుకుంది. పండగ పూట పసిదాన్ని తిట్టాను, నా నోటి దోషం తగిలి పిల్ల కళ్ళు పోయేట్టున్నాయి, నాకూ శిక్ష పడింది అని. నీ కళ్ళు తెరుచుకునేదాకా రాత్రిళ్ళు నీ పక్కనే కూర్చుని నందివర్ధనం పూలు నీళ్ళల్లో తడిపి నీ రెప్పల మీద పెట్టేది. అవి వాడితే మళ్ళీ కొత్తవి. నిద్రలో నీకేం తెలుస్తుంది!"

ఒకే ఇంట్లో, ఒకే గదిలో, పక్కపక్కన ఇద్దరం. ఇదంతా నా తప్పేనని నేనూ, తన తప్పేనని బామ్మా. ఒకరితో ఒకరం చెప్పుకోలేదు.

అమ్మ ఇంకా చెప్పింది. బామ్మకు తొమ్మండుగురు పిల్లలు పుడితే నలుగురే మిగిలారు. ఒకడు పురిట్లోనే పోతే, కడుపుతో ఉండి గ్రహణం నాడు కూర తరిగావు గనుక పోయాడన్నారట. ఇంకో పిల్ల పోతే, నాగుల చవితి పూజలో లోపం జరిగిందన్నారట. ఆ రోజుల్లో పురిటి గదుల్లో పసివాళ్ళు ధనుర్వాతంతోనూ, పెద్దయినవాళ్ళు విషజ్వరాలతోనూ పోయేవాళ్ళు. ఆ సంగతి చెప్పేవాళ్ళు బామ్మకు ఎవరున్నారు? ఐదుగురు బిడ్డల లెక్క తన తలమీదే రాసుకుంది. ఆరో లెక్క రాయనివ్వకూడదని మా అందరినీ మడిబట్టలా దండెం మీద పెట్టి కాపాడబోయింది.

"నాకు భయం లేదనుకున్నావా?" అంది అమ్మ. "ఉండేది. ఎప్పుడు పోయిందో తెలియదు. మీ నాన్నకు జబ్బు చేసినప్పుడు చెయ్యని పూజ లేదు. పోయారు. నేను లోపం చేసి కాదు, చెయ్యక కాదు. ఆయనకు గుండె జబ్బు. అప్పటి నుంచి అడగడానికి దీపం పెట్టడం మానేశాను. ఊరికే పెడుతున్నాను. హాయిగా ఉంది."

ఆ మధ్యాహ్నం బొర్రా గుహలకు వెళ్ళాము. మెట్లు దిగుతుంటే పాప నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. మళ్ళీ చీకటి కదా. లోపల రంగు దీపాలు పెట్టారు. పైనుంచి రాతి ఊడలు, కిందినుంచి రాతి మొలకలు. అబ్బాయి తన సైన్సు అంతా ఒప్పజెప్పాడు. వాననీరు గాలిలోనూ మట్టిలోనూ ఉన్న బొగ్గుపులుసు వాయువును కలుపుకుని, కొంచెం పులుపెక్కి, సున్నపురాయిని కరిగించుకుంటూ దిగుతుందట. గుహలో బొట్టు బొట్టుగా పడేటప్పుడు ఆ సున్నాన్ని అక్కడ వదిలిపోతుందట. వేల ఏళ్ళకు గాని చెప్పుకోదగ్గ ఎత్తు పెరగదట. ఒకచోట అలా పెరిగిన రాయినే శివలింగమని పూజిస్తున్నారు. పైన మేస్తున్న ఆవు గుహ కప్పుకున్న కన్నంలోంచి పడిపోతే, వెతుక్కుంటూ వచ్చిన పశువులకాపరి ఈ లింగాన్ని చూశాడని కథ. ఆ కొండల్లోంచి పారే ఏరు పేరు గోస్తని.

"అయితే ఇది దేవుడు కాదు, సున్నపురాయి" అని తేల్చేశాడు మా అబ్బాయి. అమ్మకు కోపం వస్తుందేమోనని నేను చూశాను. అమ్మ పైకి చూసింది. రాతి కప్పు మీంచి నీటిబొట్టు ఒకటి జారి, కిందపడింది. కొంచెం ఆగి ఇంకోటి.

"అయితే ఇన్ని వేల ఏళ్ళుగా అభిషేకం జరుగుతూనే ఉందన్నమాట" అంది. "మనం మడి కట్టుకోకుండానే."

పాప ఫకాలున నవ్వింది. అమ్మ దణ్ణం పెట్టుకుంది. అబ్బాయి పెట్టుకోలేదు. నేను పెట్టుకోవాలా వద్దా అని ఒక క్షణం తటపటాయించాను. పెట్టుకోకపోతే ఏమవుతుందో అన్న పాత దడ కొంచెం వచ్చింది. వచ్చిందని తెలిసింది గనుక, అది పోయేదాకా ఊరికే నిలబడ్డాను. పోయాక నమస్కారం చేశాను. ఎవరికని అడిగితే చెప్పలేను. ఆ నీటిబొట్టుకు కావచ్చు, నందివర్ధనం పూలు పెట్టిన చేతులకు కావచ్చు.

ఇంటికి వచ్చాక, చిన్నపిల్లల మనసు గురించి కొంచెం చదివాను. స్విట్జర్లాండుకు చెందిన జాఁ పియాజే అనే శాస్త్రవేత్త పిల్లల నీతి భావాల మీద 1932లో ఒక పుస్తకం ప్రచురించాడు. పిల్లలకు ఆయన ఒక కథ చెప్పేవాడు. ఒక కుర్రాడు యాపిల్ పళ్ళు దొంగిలించి పారిపోతూ ఒక పుచ్చిన వంతెన ఎక్కుతాడు, వంతెన విరిగి నీళ్ళల్లో పడతాడు. "దొంగతనం చెయ్యకపోతే పడేవాడా?" అని అడిగితే, ఆరేళ్ళవాళ్ళలో నూటికి 86 మంది, దొంగతనం చేశాడు గనుకే వంతెన విరిగిందన్నారు. పదకొండు, పన్నెండేళ్ళ వాళ్ళలో అలా అన్నవాళ్ళు 34 మందే. చూశారా! స్విట్జర్లాండులోనూ కోనసీమలోనూ పిల్లలు ఒక్కటే. ఆ వయస్సులో కొయ్యకూ, సొరంగానికీ, సూక్ష్మజీవికీ కూడా తమ తప్పు తెలుసుననే నమ్ముతారు. మనం అలవాటుగా విసిరే మాట వాళ్ళకు అలవాటు మాట కాదు, తీర్పు. చాలామందికి వయస్సుతో అది పోతుంది. మాట పడిన మర్నాడే కళ్ళకలక వస్తే మాత్రం నాలాంటి వాళ్ళకు కొంచెం ఎక్కువ కాలం పడుతుంది.

మూడు రోజుల అరకుతో నాకు అంతా నయమైందని మీతో కోతలు కొయ్యను. తిరుగు ప్రయాణంలో, వర్జ్యం చూడకుండా బయల్దేరామని సగం దారిలో గుర్తొచ్చి ఉలిక్కిపడ్డాను. కానీ ఇదివరకు ఆ ఉలికిపాటే నేననుకునేదాన్ని. ఇప్పుడు అది నాలోకి వచ్చిపోయే చుట్టమని తెలిసింది. ఆ తెలివి ఇంట్లో కూర్చుని ఎన్ని పుస్తకాలు చదివినా రాలేదు. ఎవరూ లెక్క రాయని చోట కొన్నాళ్ళు గడిపితే గాని, మన చేతిలో పెన్సిలు ఉన్న సంగతి మనకు కనిపించదు కాబోలు.

పూజలు మానెయ్యమని నేనెవరికీ చెప్పడం లేదు. మా అమ్మ తరువాతి సోమవారమూ ఉపవాసం ఉంది. పాప వెళ్ళి, "నేను జామకాయ తినేసి దీపం పెట్టచ్చా అమ్మమ్మా?" అని అడిగింది. "పెట్టవే, చెయ్యి కడుక్కుని రా. ఒత్తికి కారం అంటుకుంటే చిటపటలాడుతుంది" అంది అమ్మ. చెయ్యి ఎందుకు కడుక్కోవాలో చెప్పడానికి ఎవరి కళ్ళూ పోనక్కర్లేదని నాకు అప్పుడు తెలిసింది.

నిన్న సాయంత్రం మా అబ్బాయి లెక్కల పుస్తకం నేలమీద పడేసి, దానిమీంచి దాటుకుంటూ పోయాడు. నా నోట్లోంచి మాట వచ్చేసింది. "ఒరేయ్, కళ్ళు..."

పాప గబుక్కున నావైపు తిరిగింది.

"కళ్ళు పెట్టుకుని చూసి నడువు" అన్నాను. "పుస్తకం చిరిగిపోతుంది. తీసి బల్లమీద పెట్టు."

తీసి పెట్టాడు.